పరీక్ష పూర్తికాకముందే ఊళ్లోకి వెళ్లిపోయిన మట్టి

రాజమండ్రిలో మట్టి, నీళ్లు పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబులో నేను చేరిన ఏడాది వేసవి అది. రాజోలు వైపు ఒక ఊరి శివారులో గ్యాసు బావి తవ్విన కంపెనీ పని ముగించి, రిగ్గు యంత్రాన్ని ఎత్తేసింది. తవ్వకంలో పైకొచ్చిన బురద ఎండి గుట్టగా మిగిలింది. దాన్ని మామూలు మట్టిలా పారబోయవచ్చా, లేక ప్రమాదకరమైనదిగా తేల్చి అడుగున ప్లాస్టిక్ పరిచిన గోతిలో పూడ్చాలా అన్నది చెప్పడం మా పని. మా సీనియర్ ముందువారం తెచ్చిన నమూనాల్లో నూనె, సీసం ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువగా ఉన్నాయి. గుట్టలో ఏ భాగం ఎంత చెడిందో విడదీయడానికి రెండో విడత నమూనాలు కావాలని నన్ను పంపారు. ఇలాంటి పని మీద కోనసీమ వెళ్లబోతున్నవాళ్లు దారి అడిగారు కాబట్టి ఇది రాస్తున్నాను.

పొద్దున్నే ఆరింటికి బస్సెక్కితే గంటలో రావులపాలెంలో దిగవచ్చు. ఐసుపెట్టె, గాజుసీసాలు చూసి కండక్టరు లగేజీ టికెట్టు కొడతాడు, వాదించకండి. అరటిగెలల లారీలు అడ్డం తిరిగితే అక్కడ మారే అమలాపురం బస్సు ఓ పట్టాన కదలదు. కొత్తపేట మీదుగా అంబాజీపేట చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. అక్కడి నుంచి ఆ ఊరికి ఆటో ఆయన నూట యాభై అడిగి, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు.

"ఆ పెట్టెలో చేపలాండీ?" అన్నాడు ఆటో ఆయన.

"కాదండీ, ఖాళీ సీసాలు. మట్టి తీసుకెళ్లడానికి."

"ఇంత చదువు చదివి మట్టి మోత్తన్నారాండీ? మా ఆవిడ చదవకుండానే మోత్తందండీ!" అని తనే నవ్వుకున్నాడు. మా నాన్న కూడా చదువుకోకుండా జీవితమంతా మట్టి తట్టలు మోశాడు.

బావి స్థలం చుట్టూ వేసిన కంచె దగ్గరికి వెళ్లి చూస్తే గుట్ట సగం కూడా లేదు. కాపలా ఉండే సూరిబాబు కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించాడు.

"మిగతా మట్టి ఏమైందండీ?"

"ఊళ్లోవాళ్లు తోలుకుపోయేరండీ. మీ సారు వచ్చి పరీక్ష చేసి వెళ్లేరు కదండీ, ఆ మర్నాటి నుంచే ట్రాక్టర్లు కట్టేరు."

"ఎలా పోనిచ్చారు?"

"ఆయ్, పరీక్షయిన మట్టే కదండీ, మంచిదే అనుకున్నానండీ."

అప్పుడు అర్థమైంది. ఇక్కడ వ్యవసాయశాఖ వాళ్లు చేలల్లోకి వచ్చి నాలుగుచోట్ల తవ్వి, మట్టిని గోనె మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, సంచిలో కట్టి తీసుకెళతారు. తరవాత ఎరువెంత వేయాలో చెబుతారు. మా సీనియర్ కూడా అచ్చం అలాగే తీశారు. కంచె అవతల నిలబడి చూసినవాళ్లకు అది భూసార పరీక్ష. పట్నం నుంచి వచ్చి మరీ పరీక్షించారంటే ఎంత సారమున్న మట్టో అనుకున్నారు.

ఆ మట్టి ఎక్కడికి చేరిందో చూడబోతే, పక్క వీధిలో మంగాయమ్మగారి ఇల్లు. భర్త చేపల వేటకు వెళతాడు. ఏటా వానలకు నీళ్లు గుమ్మం దాకా వస్తాయని, ఆ మట్టితోనే పెరడంతా మెరక చేయించారు. అందులో వంగనారు, కొబ్బరిమొక్కలు పెట్టారు. ఓ మూల మంచినీళ్ల నుయ్యి.

"రండి అమ్మాయిగారూ. పొటాషు ఎంత వెయ్యమంటారో చెప్పి వెళ్లండి."

"పిన్నిగారూ, ఇది సారం చూసే పరీక్ష కాదండీ. ఇందులో విషం ఎంతుందో చూసేది."

ఆవిడ నవ్వారు. "విషమైతే కంచె లోపలే దాచుకుంటారు గానీ ఊరికే ఇచ్చేత్తారేంటండీ?"

పిడికెడు మట్టి తడిపి నలిపి ఆవిడకు అందించాను. ఆవిడ వాసన చూశారు. "కిరసనాయిలు కంపు. ఎరువు కంపనుకున్నానండీ," అని నూతి వైపు తిరిగారు. "మరి నీళ్లో?"

ఆ పెరడు, నుయ్యి సంగతి ఏం చేయాలని కూడలిలో ఎస్టీడీ బూత్ నుంచి ల్యాబుకు ఫోన్ చేస్తే, "కంచె లోపలున్నదే మన పని. బయటిది వాళ్ల మట్టి," అన్నారు. తిరిగి వచ్చేసరికి మంగాయమ్మగారు పెరటి మట్టి తట్టకెత్తి, నెత్తిన పెట్టుకుని కంచె గేటు ముందు నిలబడి ఉన్నారు.

"బయటి మట్టి లోపల కలిస్తే లెక్క తప్పుతాదంటండీ. పరీక్ష కాగితం ఉంటేనే రానివ్వాలి," అంటున్నాడు సూరిబాబు.

"వెళ్లేటప్పుడు అడగని కాగితం వచ్చేటప్పుడు అడుగుతున్నావేంట్రా?"

నేనూ చెప్పి చూశాను. అతను చేతులు కట్టుకుని, నా ప్రతి మాటకీ "ఆయ్" అన్నాడు గానీ గేటు తియ్యలేదు. ఆవిడ తట్ట అక్కడే బోర్లించి వెళ్లిపోయారు. దారికి అడ్డమని సూరిబాబు ఆ మట్టిని పారతో పక్కనే చేలకు నీళ్లు పారే పంటబోదెలోకి నెట్టేశాడు.

మిగిలిన గుట్ట ప్రమాదకరమైనదని మా రిపోర్టులో తేలింది. టార్పాలిన్ కప్పిన లారీల్లో, చేతులకు తొడుగులు వేసుకున్న మనుషులు దాన్ని జాగ్రత్తగా తీసుకెళ్లారు. మంగాయమ్మగారి పెరటి మట్టి, నూతి నీళ్లు కూడా నేను తెచ్చాను. పరీక్ష చేయించమని అడిగిన కంపెనీ ఏదీ లేదని వాటిని ల్యాబులో తీసుకోలేదు, కొన్నాళ్లకు పారబోశారు. ఆ పెరడు మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, ఏ తరగతిలోనూ లేదు. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేను. నా సంతకానికి విలువ ఉంటుందని మావాళ్లు మురిసిపోయారు. ఉంది, కంచె లోపల.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. సంచిలోంచి పార తీయకముందే చూడ్డానికి వచ్చినవాళ్లను దగ్గరికి పిలిచి, ఎందుకు తవ్వుతున్నారో చెప్పండి. ఫలితం వచ్చేదాకా ఒక్క తట్ట కూడా బయటికి పోకూడదని గేటు మీద తెలుగులో రాయించి, ఆ తరవాతే మొదటి గొయ్యి తవ్వండి.