ఆడవాళ్ల గేటు దగ్గర మా కోడలు

కరీంనగర్ నడిబొడ్డున పెద్ద ఇండోర్ స్టేడియం కట్టాక, అందులో ఆడవాళ్లు వచ్చే గేటు దగ్గర తనిఖీ పని మా కోడలికి దొరికింది. చేరింది బుధవారం. మా కొడుకు గురువారం అంటాడు కానీ, బుధవారమే. ఆ రోజు మరమగ్గం నడవక వాడు ఇంట్లోనే ఉన్నాడు, బండి మీద దింపి వచ్చింది కూడా వాడే. నెలలో సగం రోజులు మగ్గాలు ఆగిపోతున్నాయి కాబట్టి ఆమె పని నిలవడం మా ఇంటికి చాలా అవసరం.

మొదటి రెండు రోజులూ అది నిలుస్తుందన్న నమ్మకం కలగలేదు. లోపలికి తినే వస్తువులు తీసుకుపోకూడదన్నది అక్కడి నియమం. ఒక రోజు కబడ్డీ చాపలు పరిచిన నేల మీదే మర్నాడు కుర్చీలు వేసి పాటకచేరీ పెడతారు, ఆ పై వారం బట్టల ప్రదర్శన. నూనె మరక పడితే కడగలేరట. మా కోడలేమో ఎవరినీ కాదనలేని మనిషి. "పోరలకు బుక్కెడు బువ్వ తెచ్చిన, పోనియ్యి చెల్లే" అంటే చాలు, తల ఊపేసేది. రెండో రోజు సూపర్‌వైజరమ్మ తెగేసి చెప్పింది.

"రేపు ఇంకొక్క డబ్బా లోపలికి పోయిందంటే ఎల్లుండి నుంచి నువ్వు రాకు."

మూడో రోజు ఆడపిల్లల కబడ్డీ ఫైనల్. టికెట్టు కొనుక్కుని నేనూ బయలుదేరాను. కోడలు ఆ పొద్దు తినకుండా పోయింది. గేటు దగ్గర ఆమెకు ఇద్దామని సర్వపిండి కాల్చి డబ్బాలో పెట్టుకున్నాను.

వరుసలో నా వంతు వచ్చింది. పెళ్లై వచ్చినప్పటి నుంచి నా ముందు గొంతు పెంచని పిల్ల, నా కళ్లలోకి చూడకుండా, "అత్తమ్మా, చేతులు జర పక్కకు చాపు" అంది. చాపాను. చేతిలో డబ్బా చూసింది.

"ఇది నీకే బిడ్డా. పొద్దుగాల తినలే గదా."

"పనిమీదున్నప్పుడు నేను తీసుకోవద్దు. నువ్వు లోపలికి కొంచవోవద్దు."

"మరి యాడ పెట్టాలె?"

"పక్కకు జరుగు అత్తమ్మా. ఎనుక జనమున్నరు."

నా వెనకున్నామె పక్కామెను మోచేత్తో పొడిచింది. "ఓయమ్మో, అత్తనే ఆపింది! ఇగ మనల్ని ఇడుస్తదా? నీ మురుకులు ఇక్కన్నే తినుడు మంచిది."

అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. అయినా పక్కకు జరిగాను. సూపర్‌వైజరమ్మ తలుపు పక్కనే నిలబడి చూస్తోంది. నేనింకొక్క మాట అంటే ఆ పిల్ల మెత్తబడుతుందని నాకు తెలుసు.

బయట మెట్ల మీద కూర్చున్నాను. ఆట మొదలైనట్టుంది, లోపల కేకలు. గేటు దగ్గర రద్దీ తగ్గాక కోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"కోపమొచ్చిందా అత్తమ్మా?"

"తిను ముందు."

సగం తిన్నదో లేదో సూపర్‌వైజరమ్మ వచ్చింది. కోడలు లేవబోతే వద్దని, డబ్బాలోంచి తనే ఒక ముక్క తుంచుకుంది. "రేపు మూడింటికే రా. పాటకచేరీ ఉన్నది, జనం మస్తు వస్తరు" అని చెప్పి, నములుకుంటూ వెళ్లిపోయింది.

కోడలు మిగిలింది తినేసి కొంగుతో మొహం తుడుచుకుంది. నేను డబ్బా మూత పెడుతూ ఒక మాట చెప్పక తప్పలేదు.

"అంతా మంచిగనే చూసినవ్ గని, నా నడుముకున్న సంచి తడమలే."

ఆమె నోరు తెరిచి నన్ను చూసింది. ఖాళీ డబ్బా పనివాళ్ల సామాన్ల గదిలో పెట్టించి, గేటు దగ్గర తన చోట నిలబడింది. నేను మళ్లీ వెళ్లి చేతులు చాపాను. ఈసారి నడుము చుట్టూ తడిమి, సంచి విప్పించి, వక్కల పొట్లం బయటికి తీసింది.

"ఇవి గూడ బయటనే, అత్తమ్మా" అంది, నా కళ్లలోకి సూటిగా చూస్తూ.

వక్కలు ఆమెకే వదిలేసి లోపలికి నడిచాను. రెండో సగం అప్పుడే మొదలవుతోంది.