వదిన మీద పనిచేయని సూది

మొన్న పక్కింటి అమ్మాయి పరీక్షకు చదువుకుంటూ, బ్యాక్టీరియా కణంలో కేంద్రకం ఉండదనీ, చుట్టూ గట్టి గోడ ఉంటుందనీ, మన కణాల్లో కేంద్రకం ఉంటుంది గానీ ఆ గోడ ఉండదనీ వల్లె వేస్తుంటే, నా చేతిలోని టీ చల్లారిపోయింది. మన ఈడువాళ్లం ఆ పాఠాన్ని మార్కుల కోసమే చదివాం. నాకు మాత్రం అది మా వదిన జ్వరంతో పెనవేసుకుపోయింది.

అడవి నడుమ సరిహద్దు ఊరు భోపాలపట్నంలో మాది కిరాణా దుకాణం. జగదల్‌పూర్‌లో బీఎస్సీ చదివే రోజుల్లో నేను రాఖీ పండుగకు ఇంటికొచ్చేసరికి, వదిన దుప్పట్ల కింద వణికిపోతోంది. అంతకు ముందు ఏడు కాన్పు తరువాత పట్టుకున్న జ్వరాన్ని పెన్సిలిన్ సూది దించింది గనుక, అన్నయ్య కంపౌండరు చేత మళ్లీ అదే వేయిస్తున్నాడు. జ్వరం దిగినట్టే దిగి, చలితో తిరిగి ఎక్కుతోంది. ఆ సూది ఇక వద్దన్నాను.

"పోయినేడు బతికించిన సూదే గదనే చెల్లె, ఇప్పుడేందే వద్దంటవు?" అన్నాడు అన్నయ్య.

"అప్పటిది బ్యాక్టీరియా అన్నా. ఆ మందు దాని గోడను పగలగొట్టింది. ఇది మలేరియా పురుగైతే దానికి గోడే లేదు, మన కణం లెక్కనే ఉంటది. బీజాపూర్ పెద్దాస్పత్రికి తీస్కపోయి రక్తం చూపిద్దాం."

వదిన కళ్లు తెరవకుండానే, "దాని మాట ఇనుండ్రి" అంది.

జీపులో బయలుదేరాం గానీ, మద్దేడ్ దాటాక వాగు పొంగి దారి మూసేసింది. నీళ్లు తగ్గేదాకా అన్నయ్య వానలో గట్టునే నిలబడ్డాడు. ఈలోగా వదిన మాట తడబడి, నన్ను ఎవరని అడిగింది. ఆస్పత్రికి చేరాక రక్తంలో మలేరియా కనబడింది. మన కణాన్ని పోలినదాన్ని చంపే మందు మనల్నీ కొంత తాకక మానదని, డాక్టరు దిగులుగానే హిందీలో చెప్పి క్వినైన్ ఎక్కించాడు.

వదిన బతికింది. ఇంటికి తెచ్చిన రోజు, వెనక నుంచి పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నా ఆమె తల తిప్పలేదు. అప్పుడు గాని మాకు తెలియలేదు. ఆ చెవుల్ని జ్వరం తీసుకుందో, మందు తీసుకుందో డాక్టరూ తేల్చలేకపోయాడు. గోండీలో, దోర్లీలో, హిందీలో బేరాలాడి సంతనాడు దుకాణం నిలబెట్టిన మనిషి, ఆ తరువాత గల్లా దగ్గరికే రాలేదు.

ఇప్పుడు ఊళ్లోనే వేలి చివరి నెత్తుటి చుక్కతో ఏ జ్వరమో తేలిపోతోంది, వాగు మీద వంతెనా పడింది. సంతోషమే. కానీ బస్సు ఆ వంతెనను రెప్పపాటులో దాటేసినప్పుడల్లా, ఆనాడు మేము దాటలేకపోయింది ఇంత చిన్న దూరమా అని గుండె బరువెక్కుతుంది.