ప్రామిసా, గ్యారంటీనా

గదులు ఖాళీ చేస్తే కొత్త బిల్డింగులో అందరికీ ఇళ్లిస్తామని, అది తన ప్రామిస్ అని బిల్డర్ మనిషి మా పాత ఒంటిగదుల చాల్ మీటింగులో చెప్పగానే ట్యూషనక్క లేచింది.

"ప్రామిసా, గ్యారంటీనా తమ్మీ?"

"రెండూ ఒకటే గదక్కా."

"ఎట్ల ఒకటైతయ్? ప్రామిస్ తప్పితే మేం ఏడుస్తం. గ్యారంటీ తప్పితే నువ్వు కట్టియ్యాలె."

సంతకాలకు పెన్నులు తీసినవాళ్లు ఆగిపోయారు.

ముంబై కామాటిపుర తెలుగు పిల్లలం చాలామందిమి ఆమె దగ్గరే ఇంగ్లీషు నేర్చుకున్నాం. గది ముందు నడవాలో చాప వేసి కూర్చోబెట్టేది. ఏ మాటనూ ఒంటరిగా చెప్పేది కాదు, దాని పక్కింటి మాటను కూడా పిలిచేది.

"గోడవతల మొగుడూ పెండ్లాల లొల్లి మనకు హియర్ అయితది. నల్లా ఎప్పుడొస్తదా అని చెవి పెట్టి కూసుంటం చూడు, అది లిజన్."

పక్కగది ఆవిడ లోపలినుంచే తిట్టేది. అక్క నవ్వి, "ఆమె లిజన్ చేస్తున్నది" అనేది. ఆ తేడా మాలో ఎవరికీ మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

బిల్డర్ మనిషి, పైవాళ్లను అడిగి వస్తానని ఆ రోజు వెళ్లాడు. ఇంతవరకూ రాలేదు. మేమెవరమూ సంతకం పెట్టలేదు. వానలు మొదలయ్యాయి. చాల్ వెనకగోడకు, కూలకుండా, దూలాలు ఆనించి ఉన్నాయి.