మస్తాన్‌కు వేసిన కుర్చీ

మనుషుల్ని నడిపించడం తెలిసినవాడని నన్ను పొగిడినవాళ్ళందరి ముందూ తలూపాను. ఊపిన ప్రతిసారీ గుండెలో ఒక బరువు ఇంకాస్త కిందికి దిగేది. ఇంట్లోవాళ్ళకు చెప్పుకోలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నరసరావుపేటలో ఒక పత్తి మిల్లుకు నేను మేనేజర్ని. పత్తి దొంగతనంగా బయటికి పోతుందని యజమానికి భయం. పని మొదలవగానే హాలు తలుపుకు బయటినుంచి తాళం వేయించేవాడు. లోపల పత్తి మరల దగ్గర ఆడవాళ్ళే ఎక్కువ. పాలు తాగే పిల్లల్ని బయట వేపచెట్ల కింద ఉయ్యాలల్లో వదిలి వచ్చేవారు. ఆ ఏడుపు మరల మోతలోనూ వినబడేది. తల్లుల రవికలు తడిసిపోయేవి. నాకు కనబడేది. తల తిప్పుకునేవాణ్ణి.

మస్తాన్ ఆ మరలు బాగుచేసే ఫిట్టరు. నెమ్మదైన మనిషి. కూలీలందరికీ అన్న. మధ్యాహ్నం ఒక్కసారి తలుపు తీయించమని, పిల్లలకు పాలిచ్చి వస్తారని, లేదంటే రేపట్నుంచి ఎవరూ పనిలోకి రారని అందరి తరఫునా వచ్చి చెప్పాడు.

"వాణ్ణి ఏం చేస్తావో చెయ్యి. మిల్లు మాత్రం ఆగకూడదు" అన్నాడు యజమాని.

పనిలోంచి తీసేస్తే కూలీలంతా ఒక్కటవుతారు. ఆ మాత్రం నాకు తెలుసు. అందుకని సాయంత్రం పని వదిలాక మస్తాన్‌ను నా గదికి పిలిపించాను. కిటికీ రెక్కలు బార్లా తీయించి, కిటికీ ఎదురుగా కుర్చీ వేయించాను. కూలీ మేనేజరు ఎదుట కూర్చోవడం ఆ మిల్లులో ఎవరూ చూసి ఎరగరు. అతను వద్దన్నాడు. భుజం పట్టి కూర్చోబెట్టాను. కాఫీ తెప్పించాను. ముప్పాళ్ళలో వానలు పడ్డాయా అని అడిగాను, అతని సొంతూరు అదే. అతను తలుపు మాట ఎత్తబోతే "చూద్దాంలే" అని నవ్వాను. మర్యాదకు అతనూ నవ్వాడు. బయట చేరిన జనం ఆ నవ్వు చూశారు. సాగనంపుతూ గుమ్మందాకా వచ్చి వీపు తట్టాను.

"ఏందన్నా, లోపల అంతసేపు ఏం మాట్టాడావు?" అంది నాగమ్మ. ఆడకూలీల్లో ముందుండే మనిషి, అతనికి చెల్లెలి లెక్క.

"ఏం లేదమ్మా. మా ఊళ్ళో వానలు పడ్డాయా అనడిగాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నిజాన్ని అబద్ధంలా వినబడేట్టు చేయడం ఎంత తేలికో నేను గుమ్మంలో నిలబడి చూశాను.

మర్నాడు అందరూ పనిలోకి వచ్చారు. తలుపుకు తాళం పడింది. మస్తాన్ పక్కన కూర్చుని అన్నం తినేవాళ్ళు లేకుండా పోయారు. నాగమ్మ అన్నా అని పిలవడం మానేసింది.

కొన్నాళ్ళకు అతనే నా గదికి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"మీరు నాకేం ఇవ్వలేదని వాళ్ళతో ఒక్క మాట చెప్పండి బాబూ. అంతే చాలు."

"నేను నిన్ను ఏమీ అనలేదే మస్తానూ."

"అనలేదు బాబూ. అందుకే ఏమని ఎదురు చెప్పాలో తెలవట్లా."

నేను కాగితాల్లోకి తల దించుకున్నాను. అతను వెళ్ళిపోయాడు. భార్యాబిడ్డలతో కృష్ణ దాటి పోయాడని తర్వాత విన్నాను.

యజమానికి భయపడే చేశానా? అలా అనుకుంటే తేలికే. కానీ ఆ ఉపాయం ఆయనది కాదు. నాది. అది పారినందుకు ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళుతూ నేను సంతోషపడ్డాను. ఆ తర్వాత పక్క మిల్లుల కుర్ర మేనేజర్లు సలహాకు వస్తే, "కూలీల పెద్దను తీసేయకండి, కూర్చోబెట్టండి" అని పాఠంలా చెప్పాను. ఏ ఊళ్ళో ఎంతమందిని అలా కూర్చోబెట్టారో!

నాగమ్మ నిరుడు పోయింది, మస్తాన్ అమ్ముడుపోయాడనే నమ్మకంతోనే. అతను ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు.

చెప్పాల్సిన మాట ఒక్కటే. చెబుతున్నాను. మస్తాన్ మా దగ్గర ఏమీ తీసుకోలేదు.