పక్కింటి అక్క సన్నని గొంతు

నా చిన్నప్పుడు మా ఊరి బడిలో శనివారం ఒంటిపూట పాఠాలు ఉండేవి కావు, వాదాలు ఉండేవి. మాచర్ల నుంచి సైకిల్ మీద వచ్చే మా అయ్యవారు ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి ఏదో ఒక ప్రశ్న ఇచ్చేవారు. ఎవరు నెగ్గితే వాళ్లకు కొత్త బలపం. నేను చదివింది మూడో తరగతి దాకానే. అప్పుడు నేర్చిన ఎక్కాలు కొన్ని మర్చిపోయాను గానీ ఒక శనివారం మాత్రం మరుపు రాలేదు.

ఆ రోజు ప్రశ్న, రైతు ఇంటికి ఎద్దు ముఖ్యమా, బర్రె ముఖ్యమా అని. నాకు ఎద్దు వచ్చింది, పక్కింటి అక్కకు బర్రె. ఆ అక్కది సన్నని గొంతు. ఆనుకుని కూర్చుంటే తప్ప వినపడేది కాదు. నా గొంతు సంగతి ఇప్పటికీ మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

"నిన్న సాయంత్రం మా బర్రె..." అని మొదలుపెట్టింది ఆ అక్క. అంతే, నేను అందుకున్నాను. "మీ బర్రె పాలిస్తుందా, బావినీళ్లిస్తుందా? మీ పాలు గిన్నెలో పోస్తే అడుగు కనపడుతుందంట గదా!"

బడి పాక అదిరేటట్టు నవ్వారు పిల్లలు. అయ్యవారు కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ అక్క మాత్రం ఆపలేదు, చెబుతూనే ఉంది. పెదాలు కదలడం నాకు కనపడుతూనే ఉంది. ఆ నవ్వుల్లో మాటలు ఎవరికీ చేరలేదు. నాకూ వినాలని లేదు. ఇంకేం అంటే ఇంకా నవ్వుతారా అని వెతుక్కుంటున్న దానికి చెవులెక్కడ పనిచేస్తాయి? బలపం నాకే ఇచ్చారు.

ఇంటికొచ్చి ఇంత సంగటి తిని, ఆ బలపం చెంగున ముడేసుకుని, బర్రెను మేపడానికి తోలుకుపోయాను. మా నాన్న పోయాక మాకు ఆ బర్రె ఒక్కటే ఆధారం. దాని పాలు పోసిన డబ్బులతోనే మా అమ్మ ఉప్పూ పప్పూ తెచ్చేది. వాగు అవతల కోసేసిన జొన్నచేలో మోళ్లకు పిలకలొచ్చి పచ్చగా ఉన్నాయి. ఆ పిలకల్నే నాము అంటారు. వానల్లేక బెట్ట మీద ఉన్నప్పుడు వాటిల్లో విషం ఉంటుంది, మేసిన గొడ్డు మేసినట్టే పడిపోతుంది. మా పల్నాడులో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. కానీ ఆ వారంలోనే ఒక జల్లు పడింది. వాన పడితే నాములో విషం విరుగుతుందని పెద్దవాళ్లు అనేవాళ్లు. ఆ ధైర్యంతో తోలాను. ఆ జల్లు చాలలేదని నాకు తెలియదు.

కాసేపటికే బర్రె నోట నురగ వచ్చింది. కాళ్లు వణికి కూలబడింది. నా కేక విని మా అమ్మకన్నా ముందు పరిగెత్తుకొచ్చింది ఆ అక్క తల్లి, మేం పెద్దమ్మా అని పిలిచే మనిషి. ఒక చేతిలో బెల్లం నీళ్ల కుండ, ఇంకో చేతిలో వెదురు గొట్టం. వెనకాలే ఆ అక్క వచ్చి బర్రె మోర పైకెత్తి పట్టుకుంది. పెద్దమ్మ గొట్టంతో ఆ నీళ్లు పోస్తూనే ఉంది. పొద్దు వాలే వేళకు బర్రె తూలుతూ లేచి నిలబడింది. మా అమ్మ దాని మెడ పట్టుకుని ఏడ్చింది.

అప్పుడు పెద్దమ్మ చెమట తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఏమే, నిన్న మా బర్రె కూడా ఈ చేలోనే పడింది. దాన్ని లేపి ఇంటికి తోలేసరికి ఊరంతా పడుకుంది. బడిలో పిల్లలందరికీ చెప్పి రావే అని మరీ పంపినా. మా పిల్ల చెప్పిందా, చెప్పలేదా?"

చెప్పలేదంటే ఆ అక్కకు దెబ్బలు. చెప్పిందంటే, విని కూడా తోలానని నా మీదకు వస్తుంది. అసలు సంగతి ఆ రెండూ కాదు. చెప్పిందో లేదో నాకు తెలియదు. మొహాన మొహం పెట్టి నిలబడి ఒక్క ముక్క వినలేదు.

"తెలియదు పెద్దమ్మా."

"తెలియకపోవడమేంది? వాదంలో దానికి ఎదురుగా నిలబడింది నువ్వేనంట గదే!"

ఆ అక్క నా వంక ఒకసారి చూసింది. "నేనే గట్టిగా చెప్పలేదులే అమ్మా" అంది.

పెద్దమ్మ ఆ అక్క నెత్తిన మొట్టికాయ వేసింది. "బర్రె తరఫున మాట్లాడేదానివి, బర్రెకున్నంత గొంతన్నా లేకపోతే ఎట్టాగే!" మా అమ్మ కూడా ఏడుపులోనే నవ్వింది. ఆ మొట్టికాయ నాకు పడాల్సింది. ఆ అక్క నెత్తి తడుముకుంటూ బర్రె పలుపు తెచ్చి నా చేతికిచ్చింది. నేను తలెత్తలేకపోయాను.

బలపం పారెయ్యలేదు. కొత్త వస్తువు పారెయ్యడం నా వల్లయ్యే పని కాదు. వేళ్లకు దొరకనంత అరిగేదాకా దాంతోనే రాశాను. రాసినప్పుడల్లా చెవులు మండేవి.

మా మనవరాలు నరసరావుపేటలో పదో తరగతి చదువుతోంది. మొన్న వాళ్ల బడిలో పోటీ పెట్టారంట, టీవీ చర్చల వల్ల పిల్లలకు మేలా, కీడా అని. గుమ్మంలోనే కప్పు ఎత్తి చూపించింది. "ఫస్ట్ ప్రైజ్ నాయనమ్మా! ఆ పిల్లను నోరెత్తనిస్తేనా! మనం టీవీలో చూస్తామే, అట్టనే వాయించినా."

"ఆ పిల్ల ఏం చెప్పిందే?" అని అడిగాను.

నవ్వు ఆగింది. కప్పు కిందికి దించింది. "ఏమో... తెలియదు నాయనమ్మా."

నేను దాన్ని కోప్పడలేదు. ఏ మొహంతో కోప్పడను? రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని ఆ చర్చలు చూసిన పిల్ల అది. మనకు గిట్టనివాడు నోరు తెరవగానే "ఒరేయ్, నోర్ముయ్" అని టీవీ మీదకు అరిచింది నేను. బడికి ఫీజులు కట్టి మరీ చదివిస్తుంటే, ఇంట్లో ఉచితంగా నేను చెప్పిన చదువు ఇది. ఆ రోజు జొన్నచేలో ఎంత సిగ్గుపడ్డానో, ఈ వయసులో మా వసారాలో కూర్చుని అంతే సిగ్గుపడ్డాను. దాన్ని కూర్చోబెట్టి ఈ బర్రె సంగతి చెప్పాను. రేపు పోయి ఆ పిల్లను అడిగి, ఏం చెప్పిందో వచ్చి నాకు చెప్పమన్నాను.

టీవీ ఇప్పటికీ పెడతాను. అరిచేది మానుకున్నాను. అరడజను మంది తెర మీద అరడజను గళ్లలో ఒక్కసారే మీద పడి అరుస్తుంటే, నా కళ్లు మైకు ఆపేసిన మనిషి మీదకే పోతాయి. పెదాలు కదులుతుంటాయి, మాట మాత్రం రాదు. ఏ చేను సంగతి చెబుతున్నాడో, ఈలోపు ఎవరి బర్రె అటు పోతోందోనని నాకు గుబులుగా ఉంటుంది.