పెద్దమ్మ వేలిముద్ర

మొన్న పింఛను కోసం బతికున్నట్టు రుజువు చూపించమంటే మా జంషెడ్‌పూర్ సోనారిలో బ్యాంకుకి వెళ్ళాను. కౌంటరులోని పిల్ల నా బొటనవేలు యంత్రం మీద పెట్టించింది, పట్టలేదు. చెంగుతో తుడుచుకుని పెట్టమంది, పట్టలేదు. నాలుగోసారి పచ్చదీపం వెలగ్గానే “హో గయా ఆంటీజీ”, అయిపోయిందని నవ్వింది. హమ్మయ్య, సర్కారు వారి దృష్టిలో నేనింకా ఉన్నానన్నమాట! నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, మన చిన్నప్పుడు మనిషి ఒకచోట, అతని పేరు మరోచోట బతకడం పెద్ద వింతేమీ కాదు. మా ఇంట్లోనయితే బతికున్న మనిషిని చచ్చిపోయాడని చెప్పి వేలిముద్ర వేయించాం.

శ్రీకాకుళం వైపు నుంచి మొదట జంషెడ్‌పూర్ వచ్చి కార్ఖానాలో చేరినవాడు మా పెదనాన్న. పెద్దమ్మ కూడా ఆయనతో రెండేళ్ళు ఇక్కడ కాపురం చేసింది, ఆఫీసు కాగితాల్లో భార్యగా ఆమె పేరూ వేలిముద్రా ఎక్కాయి. కొలిమి వేడికి పెదనాన్న ఒళ్ళు పూర్తిగా చెడిపోయి ఊరికి వెళ్ళిపోతే, దొరికిన పని పోగొట్టుకోవడం ఇష్టంలేక, అచ్చం ఆయన పోలికే అయిన మా నాన్న ఆయన హాజరు బిళ్ళ పట్టుకుని ఆయన పేరు మీదే డ్యూటీకి వెళ్ళాడు. మేస్త్రీకి తెలుసు, తోటివాళ్ళకి తెలుసు. అప్పట్లో అలా వేరే పేరు మీద పనిచేసేవాళ్ళు ఇంకొందరు ఉండేవారు కాబట్టి ఎవరూ నోరు విప్పలేదు. పద్నాలుగేళ్ళు మా నాన్నని బయట అందరూ పెదనాన్న పేరుతోనే పిలిచారు, బళ్ళో నా తండ్రి పేరూ అదే రాశారు.

ఒక వేసవి పొద్దున నాన్న బాగ్‌బేరా సంతకి వెళ్ళి, సంచీతో గుమ్మం ఎక్కుతూనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. అంతే. అప్పటికి నాకు పద్దెనిమిది నిండాయి, నా వెనక తమ్ముళ్ళిద్దరూ చిన్నవాళ్ళు. మూడు నెలల్లో కంపెనీ ఇచ్చిన క్వార్టరు ఖాళీ చెయ్యాలి, లేదా ఇంట్లో ఒకరు పనిలో చేరాలి. చేరాలంటే చనిపోయిన మనిషి భార్య వచ్చి, పాత వేలిముద్రతో సరిచూసుకున్నాక, సరేనని ముద్ర వెయ్యాలి. ఆ భార్య మా అమ్మ కాదు కదా! పెద్దమ్మ. ఆమె ఊళ్ళో ఉంది, ఆమె మొగుడు బతికే ఉన్నాడు. ఊరికి పోదామంటే అక్కడ మాకు సెంటు భూమి లేదు. తమ్ముళ్ళ చదువు, మా తిండి, తలమీద కప్పు, అన్నీ ఆ ఒక్క ముద్ర మీదే నిలబడ్డాయి. అమ్మ చెబుతుంటే ఉత్తరం నేనే రాశాను, ఏం కావాలో మాత్రం రాయలేక, ఒకసారి రమ్మని రాసి ఊరుకున్నాను.

పెద్దమ్మ రైలు దిగి సంగతి విన్నది. తర్వాత అమ్మ గడ్డం పట్టుకుని, “ఉత్తరం సూసి మీ బావ ముందే పోల్సుకుని అన్నాడే సెల్లీ, నా పేరు మోసినోడి పిల్లలు రోడ్డున పడితే నాను బతికుండి ఏటి లాభం, నాను సచ్చిపోయినానని సెప్పేసి రా అన్నాడు” అంది. అమ్మ ఆమె కాళ్ళ మీద పడిపోయింది.

క్వార్టరులో ఉంటున్నవాళ్ళందరూ రావాలని ఆఫీసువాళ్ళు కబురుపెట్టారు. ఆ పొద్దున అమ్మ నాన్న పోయాక తీసేసిన గాజులు మళ్ళీ తొడుక్కుంది, బొట్టు పెట్టుకుంది, ఎందుకంటే కాగితాల ప్రకారం పోయింది పెదనాన్న, ఆమె మొగుడు ఊళ్ళో క్షేమంగా ఉన్నాడు. పెద్దమ్మ ఆఫీసు ముందు కుళాయి దగ్గర చెంగు తడిపి బొట్టు తుడుచుకుంది. పుస్తెలతాడు తీసి నా గుప్పిట్లో పెడుతూ, “కింద పెట్టకే పాపా” అంది. అయ్యో, ఆ చేతులు ఎంత చల్లగా ఉన్నాయో!

ముద్ర కలిసింది. బడాబాబు, అంటే అక్కడి పెద్ద గుమాస్తా, తల ఎత్తి అమ్మ వైపు చూసి ఈవిడెవరని హిందీలో అడిగాడు. “మేరీ చాచీ హై” అన్నాను, పినతల్లి అని. అన్న పోతే ఈమె మొగుడు ఎందుకు రాలేదని అతను మళ్ళీ అడిగాడు. అమ్మ నా వైపు చూడకుండా, “ఆయేంగే బాబూ” అంది. వస్తారట! నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

విచారణకి ఎప్పుడైనా వస్తారన్న భయంతో, నా ఉద్యోగం ఆర్డరు వచ్చేదాకా రెండు నెలలు అమ్మ రోజూ ఆ బొట్టు పెట్టుకునే ఉంది, ఏడుపొస్తే తలుపు మూసి నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది. నేను హాజరు రాసే టైమాఫీసులో చేరాను, తమ్ముళ్ళు చదువుకున్నారు, ఇల్లు నిలబడింది. మరుసటి ఏడు పెదనాన్న విషజ్వరంతో నిజంగానే పోయాడు. నా బిడ్డల కోసం బావగారిని మింగేశానని అమ్మ గుండెలు బాదుకుంటే, పెద్దమ్మ ఒక్కటే అంది: “ఊరుకోయే, నాను ఆ ఏడుపు ఆ కుళాయికాడే ఏడ్సేసినాను.” ఆ మాటతో అమ్మ ఇంకా కుంగిపోయింది, చివరిదాకా తేరుకోలేదు.

ఇప్పుడు ఒకరి పేరుతో ఒకరు బతకడం కుదరదు, మంచిదే, ఎవరికీ మా అమ్మ గతి పట్టకూడదు. కానీ పెద్దమ్మ మనవలు ఈ ఊళ్ళోనే టెల్కో కాలనీలో ఉంటారట, నేనెవరో వాళ్ళకి తెలియదు, వెళ్ళి చెప్పడానికి నాకూ మొహం చెల్లలేదు. ఒక కుటుంబం ఇంకో కుటుంబం కోసం అంతపని చేసిందంటే ఈ రోజుల్లో నమ్ముతారా!

నా ఉద్యోగం నడుస్తుండగానే అమ్మ పోయింది. తల్లి పోతే కర్మ అయ్యేదాకా సెలవు ఉంది, కానీ నా కాగితాల్లో తల్లి పెద్దమ్మ. దరఖాస్తులో పినతల్లి పోయిందని రాశాను, ఒక్క రోజు ఇచ్చారు. చితి ఇంకా ఆరకముందే మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్ళాను.