చేయలేను కాదు, చేయను

మా ఆడపడుచును ఇంటా బయటా అందరూ ఎందుకమ్మ అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది మా ఆయన. చిన్నప్పుడు కంచం ముందు కూర్చోబెడితే అన్నం తెల్లగా ఎందుకుంది, ఉప్పు కూడా తెల్లగానే ఎందుకుంది అని అడిగి ముద్ద మింగేది కాదట. పెళ్ళయ్యాక అత్తారింట్లో "అన్నీ నేనే ఎందుకు చేయాలి?" అని అడిగింది. సరైన జవాబు దొరకలేదు. పెట్టె సర్దుకుని వచ్చేసింది. సర్దుకుపోవాలమ్మా అని చుట్టాలు చెప్పబోతే వాళ్ళనూ "ఎందుకు?" అంది. మా ఆయన గుమ్మంలోనే ఆ పెట్టె అందుకుని, "రావమ్మా ఎందుకమ్మా. నీకు జవాబులు చెప్పడానికి ఉన్న ఉద్యోగం మానుకోవాలి నేను" అని నవ్వారు.

అన్నాచెల్లెళ్ళిద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. కొరియా వాళ్ళు పెట్టిన బూట్ల ఫ్యాక్టరీ. ఆమె కుట్టు లైనులో మిషను మీద ఉండేది. ఆయన బూటుకు అడుగు అతికించే వేడి ప్రెస్సు దగ్గర. నాకు ఇల్లు.

పోయిన వానాకాలంలో ఒకరోజు పొద్దున ఆయనకు ప్రెస్సు దగ్గర ఛాతీ బరువెక్కింది. షెడ్డు మొత్తానికి అధికారి అయిన కొరియా ఆయన, అందరూ పెద్దసారు అంటారు, అటుగా వస్తే "ఈ పూట చేయలేను సార్, కాసేపు కూర్చుంటాను" అన్నారట. పెద్దసారు పక్కన ఎప్పుడూ ఒక కుర్రాడు ఉంటాడు. మన మాట ఆయనకూ ఆయన మాట మనకూ చెప్పే దుబాసీ. అతను ఆ మాట కొరియా భాషలోకి మార్చాడు. పెద్దసారు మొహం ఎర్రబడింది. గట్టిగా ఏదో అన్నాడు. "పని చేయాల్సిందేనంట" అన్నాడు దుబాసీ. ఆయన మళ్ళీ ప్రెస్సు ముందు నిలబడ్డారు. మధ్యాహ్నం చేతులు కడుక్కునే కుళాయి దగ్గర పడిపోయారు. మరి లేవలేదు.

పక్క ప్రెస్సు మనిషి మా ఇంటికొచ్చి ఇదంతా చెప్పాడు. "కూర్చుంటానంటే అంత కోపం ఎందుకొచ్చిందో నాకర్థం కాలేదమ్మా" అన్నాడు.

ఆ పూట కూర్చోనిచ్చి ఉంటే బతికేవారా అంటే ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. నేను అడగడం మానేశాను. ఎందుకమ్మ మానలేదు. పని అయిపోయాక క్యాంటీనులో దుబాసీ కొరియా భాష పాఠాలు చెబుతాడని తెలిసి, వెళ్ళి ముందు బల్ల మీద కూర్చుంది.

"అక్కా, ఇది కుర్రపిల్లలకి. మీకెందుకు?" అన్నాడట.

"మీకెందుకు అనే మాట నాకు అలవాటేలే బాబూ. మొదలుపెట్టు."

ఇంటికొచ్చి బట్టలు మడతపెడుతూ ఆ రోజు పాఠమంతా నాకు అప్పజెప్పేది. నవ్వడం మర్చిపోయిన ఇంట్లో ఆ పాఠాలు నవ్వు తెచ్చాయంటే ఏమనుకుంటారో గాని, నిజం. ఆడది అక్కను పిలిస్తే ఒన్ని అట, మగాడు అక్కను పిలిస్తే నూనా అట. "అక్క ఒక్కతే కదయ్యా, పిలిచేవాణ్ణి బట్టి మారిపోతుందా?" అని అడిగితే దుబాసీ తల గోక్కున్నాడట.

"వదినా, 'మా' అనడానికి వాళ్ళు 'ఉరి' అంటారు. మనలాగే, ఒక్కతే కూతురైనా మా అమ్మ అనే అంటారు గానీ నా అమ్మ అనరు. మా ఆయన అనాలన్నా ముందు ఉరి చేర్చాలి." ఒక లంగా దులిపి మడతేసింది. "మొగుడనే మాటకు ముందే ఉరి పెట్టుకున్నారు. ఎంత ముందుచూపు! ఈ భాష నాకు పెళ్ళికి ముందే నేర్పాల్సింది."

ఇంకోరోజు వస్తూనే కడుపు పట్టుకుని నవ్వింది. కొరియా వాళ్ళు కాదు అనడానికి 'అని' అంటారట. మనకేమో అని లేకుండా మాటే సాగదు. రమ్మని, పొమ్మని, తిన్నావా అని, తినలేదని. "పెద్దసారు మా లైను పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా మొహం ఎందుకు ముడుచుకుంటాడో ఇప్పుడు తెలిసింది. మేం పిల్లల కబుర్లు చెప్పుకుంటుంటే, అందరం కలిసి కాదు కాదు కాదు అంటున్నామనుకుంటున్నాడు పాపం!"

తర్వాత ఒకరోజు నవ్వకుండా వచ్చింది. బట్టలు మడతపెట్టలేదు. ఒళ్ళో వేసుకుని కూర్చుంది.

ఆ రోజు పాఠం రెండు చిన్న మాటలట. అన్, మోత్. 'అన్ హేయో' అంటే చేయను. 'మోత్ హేయో' అంటే చేయలేను. కలిపి పలికితే మోతేయో అని వినపడుతుంది. లైనులో ఆడవాళ్ళందరూ గుర్తు పెట్టుకునే దారి కూడా కనిపెట్టారు. మోత మోస్తున్నవాడు చేయలేడు, కాబట్టి మోత్. నోరు తెరిచి అనగలిగినవాడు చేయనంటాడు, కాబట్టి అన్.

ఎందుకమ్మ చెయ్యెత్తిందట. "బాబూ, ఒకటి బదులు ఒకటి అంటే ఏమవుతుంది?"

"అయ్యో, పెద్ద తప్పక్కా. ఒంట్లో బాలేనివాడు కూడా పొగరుబోతులా వినపడతాడు."

"మరి మా అన్నయ్య ఆ రోజు చేయలేను అన్నాడు కదా. నువ్వేమని చెప్పావు?"

దుబాసీ బోర్డు వైపు తిరిగి, తుడిచేసిన చోటే మళ్ళీ తుడిచాడట.

"గుర్తు రావట్లేదక్కా."

"గుర్తు రావట్లేదా, గుర్తు చేసుకోవా?"

ఆమె బల్ల మీంచి లేవలేదు. చివరికి పాఠం అక్కడే ఆగిపోయింది.

వింటూ ఉండగా పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. నేను చూస్తూ ఉండిపోయాను. ఎందుకమ్మే లేచి పొయ్యి కట్టేసింది.

దాని తర్వాత మిషన్ల గొడవ వచ్చింది. కుట్టు మిషను సూది ముందు వంచిన తీగ ఒకటి ఉంటుంది. వేలు సూది కిందికి పోకుండా అడ్డం. వీళ్ళు దాన్ని అడ్డతీగ అంటారు. కొత్తగా వచ్చిన బూట్ల అంచు మందం. తీగ కింద ఇరుక్కుని పని నెమ్మదిస్తోంది. తీగలు తీసేసి కుట్టమన్నారు. తీసిన రోజే చివరి మిషను పిల్ల వేల్లో సూది దిగింది. గుడ్డ చుట్టి ఇంటికి పంపించారు. తీగలు మాత్రం మళ్ళీ పెట్టలేదు.

"రేపు నేను కుట్టను వదినా" అంది ఎందుకమ్మ.

మా ఇంట్లోకి వచ్చే జీతం ఇప్పుడు ఆమెదొక్కటే. "ఆ మాటే కాస్త మెత్తగా చెప్పు తల్లీ. చేతకావట్లేదు, తీగ లేకపోతే కుట్టలేకపోతున్నాను అను. మోత్ అనేసెయ్. ఆయనకీ కోపం రాదు."

"నాకు చేతకాదా? కళ్ళు మూసుకుని కుడతాను నేను. చేతకాదంటే దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి తోసేసి, నా మిషను మీద ఇంకో పిల్లను కూర్చోబెడతారు. ఆ పిల్లవి వేళ్ళు కావా?"

"పంపించేస్తారే పిచ్చిదానా!"

"పంపించనీ. చేయలేనన్న అన్నయ్యను చేయనన్నాడని నిలబెట్టారు. నేను చేయను అంటాను. చేయలేనంటోందని ఎవడు మారుస్తాడో చూస్తా. నా మాట నేనన్నట్టే ఆయన చెవిలో పడాలి. తర్వాత ఏమైనా కానీ."

తెల్లారి ఆమె మిషను ముందు కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఇది పక్క మిషను ఆవిడ నాకు చెప్పింది. సూపర్‌వైజరు అరిచాడు. పెద్దసారు వచ్చాడు. వెనకే దుబాసీ.

"చేయలేనని చెప్తానక్కా, ఊరుకోండి" అని గొణిగి, దుబాసీ పెద్దసారుతో ఏదో మొదలుపెట్టాడు. అందులో మోత్ అన్నది ఆమెకు వినపడింది. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మోత్ అనియేయో!" అంది. మోత్ కాదు. "అన్. అన్ హేయో."

షెడ్డంతా ఆమె వైపు తిరిగింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పెద్దసారు దుబాసీని చూడలేదు. ఆమెనే చూశాడు. ఒక్క మాటన్నాడు.

"వే?"

వే అంటే ఎందుకు.

ఆమె సూది ముందున్న ఖాళీ చూపించి "ఇగో ఒప్సొయో" అంది. ఇది లేదు. తర్వాత రెండు చేతులూ చాచి వేళ్ళు విప్పింది. "ఉరి సోన్." మా చేతులు. అంతకుమించి ఆమెకు రాదు. వచ్చిందంతా అనేసింది.

పెద్దసారు వెళ్ళిపోయాడు. గంట కొట్టేదాకా ఆమె చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

మర్నాడు ఆమె మిషనుకు తీగ ఉంది. మిగతావాటికి లేదు. ఎందుకమ్మ అటూ ఇటూ చూసి, మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. దుబాసీ పరుగెత్తుకొచ్చాడు. "మీది పెట్టేశారుగా అక్కా, ఇంకేంటి?"

"ఉరి అన్నాను బాబూ. నువ్వు నేర్పిన మాటే. నా చేతులు అనలేదు."

పక్కావిడ కూడా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నాకు చెబుతూ, "భయంతో కాళ్ళు వణికాయమ్మా, చేతులు ఎలా ఊరుకున్నాయో నాకే తెలీదు" అంది. ఆమెను చూసి ఆ పక్కావిడ. మధ్యాహ్నం భోజనాలు కాకముందే ఒక రేకు డబ్బాలో తీగలన్నీ వచ్చాయి.

ఎందుకమ్మను ఊరికే వదలలేదు. జిగురు గది పక్కన, కంపు కొట్టే మూల మిషనుకు మార్చారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని అక్కడే కుడుతోంది. కిటికీ ఎందుకు తెరవరని అడగడం మొదలుపెట్టిందని విన్నాను.

"కానీ వదినా" అంది తీగలొచ్చిన సాయంత్రం, "మీకెందుకు, నీకెందుకు అని నన్ను అడగనివాడు లేడు. ఉత్తి ఎందుకు అని అడిగి, జవాబు కోసం నిలబడింది ఈయనొక్కడే. అన్నయ్య మాట సరిగ్గా చెప్పి ఉంటే, అన్నయ్యనీ ఎందుకని అడిగేవాడేమో."

తర్వాతి సెలవునాడు దుబాసీ మా ఇంటికొచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం బయటే, చెప్పులు విప్పాలో వద్దో తేల్చుకోలేక నిలబడ్డాడు.

"అమ్మా, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో... అప్పుడు నాకు తేడా సరిగ్గా రాదు. ఆ రోజు అన్ అనే అన్నాను. చెప్పాక తెలిసింది. దిద్దుకోవడానికి భయమేసింది. నన్ను క్షమించగలరా?"

క్షమించలేను అని నోటిదాకా వచ్చింది. అందరూ అనే మాటే. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఎందుకమ్మ చెవి ఇటే ఉందని తెలిసింది.

"క్షమించలేకేం బాబూ. నాకు చేతకాని పనేం కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "క్షమించను. చెప్పులక్కడ వదిలేసి లోపలికి రా. ఎండలో నిలబడకు."

వచ్చి తల దించుకుని కూర్చున్నాడు. నేను మంచినీళ్ళిచ్చాను. తాగాడు. ఎందుకమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, మా వదిన అన్న మాటను కొరియా భాషలో ఏమంటారు?"

అతను ఆమెను చూశాడు, నన్ను చూశాడు. గ్లాసు కింద పెట్టి, "యోంగ్‌సో అన్ హేయో" అన్నాడు.

"సరిగ్గా చెప్పు. మళ్ళీ మార్చేస్తావు."

మా ఇద్దరికీ నోరు తిరిగేదాకా, ఆ మాట అతనే పలికి పలికించాడు.